ఈశాన్యం మూల స్తంభం

మా ఆయనకు ఎత్తంటే భయం, మా మరిదికి లెక్కలంటే భయం. ఈ ఇద్దరు మహానుభావులూ కలిసి మార్కాపురంలో నడుస్తున్న కేబుల్ టీవీని ఇంటర్నెట్ వ్యాపారంగా మార్చాలనుకున్నారు. నేను ఎలక్ట్రానిక్స్ సబ్జెక్టుగా డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఆ సర్టిఫికెట్‌ను బీరువాలో పట్టుచీరల అడుగున దాచి, ఏళ్ళ తరబడి ఈ ఇంటికి ఇడ్లీపిండి రుబ్బినదాన్ని. ఒకరోజు మా మరిది వంటింటి గడప దగ్గర నిలబడి, "వదినా, డీబీఎం అంటే ఏంది?" అని అడిగాడు. సిగ్నల్ బలాన్ని కొలిచే కొలత అని చెప్పాను. ఆ రోజు నుంచి గాలిలో నెట్టు పంపే రేడియోల్లో ఏది కొనాలి, దాన్ని ఎవరి మేడ మీద నిలబెట్టాలి అని తేల్చడం నా పనైంది. జీతం లేదు, పేరు లేదు. డీలర్లతోనూ మేడల యజమానులతోనూ పోట్లాడే హక్కు మాత్రం దొరికింది. నాకు అది చాలు.

యర్రగొండపాలెం దాకా నెట్టు తీసుకుపోవాలన్నది వాళ్ళ ఆశ. వైరు లాగితే ఒకచోట రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు తెంపుతారు, ఇంకోచోట కోతులు కొరుకుతాయి. అందుకని గాలిలో పంపాలి. మార్కాపురంలో ఒక డిష్, అక్కడొక డిష్, రెండూ ఒకదానివైపు ఒకటి చూసుకుంటూ ఉండాలి. మధ్యలో నేల ఎత్తు లేచి అడ్డం పడుతుంది కాబట్టి, దారిలో ఒక ఊరి మేడ మీద స్తంభం పాతి, దక్షిణానికి ఒక డిష్, ఉత్తరానికి ఒక డిష్ బిగించాలి. మార్కాపురం నుంచి వచ్చింది ఆ స్తంభం పట్టుకుని ముందుకు విసురుతుంది.

రేడియోలు అమ్మడానికి ఒంగోలు నుంచి ఒక డీలరు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగకుండా కూర్చుని, కొత్త రకం రేడియో చూపించాడు. వేగం ఎక్కువ, డిష్ చిన్నది, ధర పెద్దది. వానొస్తే దాని పని అయిపోతుందని నాకు తెలుసు. అదే అన్నాను.

"మీ వైపు వానలెక్కడివి మేడం?" అని నవ్వాడు. మా ఆయన నవ్వాడు. మా మరిది కూడా నవ్వాడు.

"రాదు కాబట్టే చెబుతున్నా. ఏడాదంతా ఎదురుచూసిన వాన వచ్చిన రోజున జనం ఇంట్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. ఆ రోజే నెట్టు పోతే, వాళ్ళు తిట్టేది నిన్ను కాదు, మమ్మల్ని. పాత రకమే ఇవ్వు, పెద్ద డిష్‌తో," అన్నాను. వాడు మా ఆయన మొహం చూశాడు. మా ఆయన గోడమీద క్యాలెండరు చూశాడు. పాత రకమే కొన్నాం.

రేడియో ఎంచడం అంత తేలిక. మేడ ఎంచడం దగ్గర మొదలవుతుంది అసలు కథ. రెండు డిష్‌లు ఒకదానికొకటి కనబడితే చాలదు. వాటి మధ్య గాలిలో దొండకాయ ఆకారంలో, నడుమ లావుగా, ఒక దారి ఖాళీగా ఉండాలి. ఆ దొండకాయకు కొమ్మ తగిలినా, గోడ అంచు తగిలినా సిగ్నల్ నీరసపడుతుంది. మా మరిది కళ్ళు చికిలించి, "కనబడతాంది గదొదినా" అంటాడు. "నీకు కనబడితే ఏం లాభం నాయనా, దానికి కనబడాల" అని నేను అంటాను. ఇన్నేళ్ళుగా ప్రతి మేడ మీదా మేము ఈ రెండు ముక్కలే మాట్లాడుకున్నాం.

దారిలో ఉన్న ఆ ఊళ్ళో సరిపడా ఎత్తున్నది ఒక్కటే మేడ. ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణం వాళ్ళది. ఇంటి పెద్ద ఒక విధవరాలు. ఆవిడ మాటకు ఆ వీధి మొత్తం తలుపులు వేసుకుంటుంది. ఆవిడకు ఒక్కడే కొడుకు, వాడికో పెళ్ళాం. మేడకు వాయవ్యం పక్కన వేరే వాళ్ళ దొడ్డి, ఆ దొడ్డిలో ఉత్తరం వైపంతా కొమ్మలు చాచిన ఒక మహా చింతచెట్టు. మేడ మీద ఏ మూల నిలబడి ఉత్తరానికి చూసినా చింతచెట్టు అడ్డం వస్తుంది, ఒక్క ఈశాన్యం మూల తప్ప. చెట్టు కొమ్మలు కొట్టమని అడగడానికి లేదు. ఆ రెండిళ్ళకూ మాటలు లేవు.

"ఈశాన్యంలో ఇనుమా? తీసకపో. ఈశాన్యం తేలిగ్గా ఉండాల. బరువేదన్నా ఉంటే నైరుతిలో పెట్టుకో," అంది పెద్దమ్మ.

"మీ తులసికోట కంటే తేలిక పెద్దమ్మా ఈ పైపు. అదీ ఈశాన్యంలోనే ఉంది గదా?"

"తులసమ్మా, ఇనుమూ ఒకటేనా మే?"

"కాదు. తులసమ్మ మీకు సీరియళ్ళు చూపించదు. ఈ పైపు ఉన్నన్నాళ్ళూ మీ ఇంటికి నెట్టు ఉచితం."

ఆవిడ కొంచెంసేపు ఆలోచించింది. ఈశాన్యం ఆ బరువు మోయగలదని తేలింది. మేము స్తంభం పాతి, డిష్‌లు బిగించి దిగేసరికి, దిష్టి తగలకుండా ఆవిడ ఒక బూడిద గుమ్మడికాయ పంపించింది స్తంభానికి కట్టమని. అది గాలికి ఊగి డిష్‌కు తగిలి, యర్రగొండపాలెంలో నెట్టు తూగేది. గుమ్మడికాయను కిందికి దించి కట్టించడానికి ఇంకో పంచాయితీ చేశాను. గెలిచాను. లింకు దివ్యంగా నడిచింది.

ఆ ఇంటి కోడలు వెలిగండ్ల వైపు పిల్ల. మేము మేడ ఎక్కిన ప్రతిసారీ స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి, పిట్టగోడ మీద పెట్టి, మాట్లాడకుండా నిలబడేది. పెళ్ళై చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఈ సంగతి ఆ పిల్ల చెప్పనక్కర్లేదు, అత్త మెట్ల కింద నుంచే చెప్పేది. మేము ఎవరం, వినవచ్చా కూడదా అని చూసుకునే మనిషి కాదు.

"మా ఇంట్లో కరెంటు వస్తాది, నీళ్ళొస్తాయి, ఈ నడుమ నెట్టు గూడా వస్తాంది. రావాల్సింది మాత్రం రాదు."

ఇంకో రోజు మా మరిదితో, "ఏం నాయనా, పని చేయని మిషను వాపసు తీసుకుంటారా మీరు?" అంది. వాడు రేడియో గురించి అనుకుని, "వారంటీ ఉంటే తీసుకుంటాం పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ నవ్విన నవ్వుకు పిట్టగోడ మీది కాకి లేచిపోయింది. కోడలు ఖాళీ గ్లాసులు తీసుకుని దిగిపోయింది. ఆ ఇంటి కొడుకు హాల్లో సోఫాలో పడుకుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు, మా నెట్టు మీదే. ఆ మేడకు వెళ్ళిన అన్ని సార్లలో వాడు తలెత్తగా నేను చూడలేదు. గొంతు ఉందో లేదో కూడా చాలాకాలం తెలియదు.

తర్వాత గిద్దలూరు నుంచి వాస్తు చూసే సిద్ధాంతిని పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, మేడెక్కి, మా స్తంభం దగ్గర ఆగాడట. ఈశాన్యంలో ఇనుము, అందులోనూ కరెంటు పారే ఇనుము, సంతానానికి అడ్డుకట్ట అన్నాడట. స్తంభం రాకముందు కూడా ఆ ఇంట్లో పిల్లల్లేరు కదా అని అడిగినవాళ్ళు లేరు.

ఆ రోజు నుంచి పెద్దమ్మ నోరు స్తంభం మీదికి తిరిగింది. మేము సర్వీసుకు వెళ్ళినప్పుడు నేనే చూశాను. పొద్దున లేచి మేడ వైపు చూసి దాన్ని తిట్టేది. వంశం మింగిన ఇనుపకొయ్య అనేది. దాని కిందే కూర్చుని ఫోన్లో సీరియలు చూసేది. ఇక కోడలు! కొంచెం ఒళ్ళు చేసింది. జడలో పూలు పెట్టింది. వీధిలో ఎవరిదో సీమంతానికి అత్త తనే వెంటబెట్టుకుపోయిందట, అంతకుముందు ఆ గడప తొక్కనిచ్చేది కాదు. స్తంభం తిట్లు తింటుంటే ఆ పిల్ల అన్నం తింటున్నది.

కొన్నాళ్ళకు మాకు కబురొచ్చింది, స్తంభం సంగతి తేల్చడానికి రమ్మని. నేను ఆయుధాలన్నీ సర్దుకుని వెళ్ళాను. వాళ్ళ చేతిలో ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే తగిలే రేడియేషన్‌లో, ఆ డిష్ నుంచి కింది గదిలోకి దిగేది ఒక వంతు కూడా కాదని చూపించాలని. డిష్ కిందికి చూడదు, దూరానికి చూస్తుందని చెప్పాలని. ఆ సిద్ధాంతి ఎదురుగా ఉంటే ఇంకా మంచిదని. నేను ఇంతవరకు వాదనలో ఓడింది మా అమ్మతో మాత్రమే. ఆవిడ చచ్చిపోయి గెలిచింది.

ముందు పైకెక్కి బోల్టులు చూస్తున్నాను. కోడలు టీ తెచ్చింది. ఈసారి గ్లాసు పెట్టి నిలబడలేదు, దగ్గరికి వచ్చింది.

"అక్కా, కింద నువ్వు వాదించబాక."

"ఎందుకు? నా స్తంభం వల్ల పిల్లలు పుట్టడం లేదంటే ఊరుకోమంటావా?"

"ఒప్పుకో."

"నీకేమన్నా పిచ్చా? నిన్ను పరీక్ష చేయించినారా లేదా?"

"చేయించినారు. ఒంగోల్లో చూపించినారు. నాలో ఏం లోపం లేదని చెప్పినారు. ఈయన్ని తీసకరమ్మన్నారు. ఈయన పోడంట. మగోడికి పరీక్షలేందని మా అత్త డాక్టరమ్మనే తిట్టొచ్చింది." పిట్టగోడ మీద నుంచి కిందికి చూసి, గొంతు తగ్గించింది. "స్తంభానిది తప్పు కాదని నువ్వు రుజువు చేస్తే, ఇంక మిగిలేది నేనే గదక్కా. ఈయన మేనత్త కూతురు ఒకతుంది, దాన్ని తెస్తామని మాటలు జరిగినాయి. సిద్ధాంతి వచ్చినాకే ఆగినారు."

"సరే, ఒప్పుకుంటాననుకో. స్తంభం తీస్తారు. తీసినాక కూడా కాకపోతే?"

"ఒక సంవత్సరం చూడమన్నాడు సిద్ధాంతి."

"సంవత్సరంలో ఏం మారుద్ది?"

"ఏం మారదు," అంది. "సంవత్సరం ఈ ఇంట్లో ఉంటా."

టీ తాగి కిందికి దిగాను. హాల్లో పెద్దమ్మ, సిద్ధాంతి, సోఫాలో కొడుకు. మా మరిది నా వెనకే నిలబడ్డాడు, సినిమా మొదలవుతుందన్నట్టు.

"చెప్పు మే. నీ ఇనుపకొయ్య వల్ల నా వంశం ఆగిందా లేదా?"

"ఆగి ఉండొచ్చు పెద్దమ్మా," అన్నాను. "ఈశాన్యంలో పెట్టకుండా ఉండాల్సింది. మీరు ముందే చెప్పినారు, నేను వినలేదు."

మా మరిది నోరు తెరిచి, "వదినా, జరమొచ్చిందా ఏంది నీకు?" అన్నాడు. సిద్ధాంతి ఎవరూ ఇవ్వని మర్యాద అందుకున్నట్టు కండువా సర్దుకున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా నాలుక మీద వేపరసం పోసినట్టుంది, ఇప్పటికీ చెబుతున్నాను. కోడలు వంటింటి తలుపు వెనక నిలబడింది. చీర అంచు మాత్రం కనబడింది.

స్తంభం మేడ మీద నుంచి తీసేయలేదు. పెద్దమ్మ ఇనుము వద్దన్నది గాని నెట్టు వద్దనలేదు. నైరుతి మూలకు మార్చమంది. మార్చాం. ఎండాకాలం చింతచెట్టు పలచగా ఉండి, లింకు ఎలాగో ఈడ్చుకొచ్చింది. నాలుగు చినుకులు పడి చెట్టు ఆకు దట్టంగా కట్టేసరికి దొండకాయ నిండా ఆకులే. యర్రగొండపాలెంలో బొమ్మ కదలడం మానేసింది. ఫోన్లు నాకు, తిట్లు నాకు. "ఆ యమ్మ మేడల మీద పడి తిరుగుతాంది గాని నెట్టు రాదు" అని నా ముందే అన్నవాళ్ళున్నారు.

అది చాలదన్నట్టు, చదువుకున్నామె తనే ఒప్పుకుందన్న మాట దారి పొడుగునా పాకింది. మా స్తంభం ఉన్న ప్రతి ఊళ్ళోనూ దోషాలు మొలిచాయి. ఒకాయన బర్రె చూలు నిలవలేదు, స్తంభం వల్లే. ఒకాయన బోరు ఎండింది, స్తంభం వల్లే. ఒకామె కొడుకు పరీక్ష తప్పాడు. ఆ పిల్లాడు మా నెట్టు మీద ఏం చూస్తూ తప్పాడో నాకు తెలుసు, అయినా నోరు మూసుకున్నాను. రెండు మేడలు పోయాయి. మా ఆయన అన్నం తింటూ, "నోరు అదుపులో పెట్టుకోవే అని ఇన్నేళ్ళు చెప్పినా, ఇట్ల పెట్టుకుంటావనుకోలే," అన్నాడు. ఆయన జీవితంలో వేసిన ఒకే ఒక మంచి జోకు అది. నా మీదే వేశాడు.

సంవత్సరం గడిచింది. కోడలిని వెలిగండ్లకు పంపించారు, పండక్కి పంపినట్టు చీర పెట్టి పంపించారట. తిరిగి తీసుకురావడానికి ఎవరూ పోలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, విడాకుల కాగితాలు అయ్యాయి. మేనత్త కూతురి సంబంధం ఎందుకో కుదరక, చంద్రశేఖరపురం వైపు నుంచి ఇంకో పిల్లను తెచ్చారు. చిన్నపిల్ల. తండ్రి లేడు, అడిగేవాళ్ళు లేరు. అలా చూసే తెచ్చారు.

పెళ్ళయిన కొత్తల్లోనే పెద్దమ్మ నాకు ఫోను చేసింది. ఇంత ముద్దుగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మాయ్, నెట్టు ఆగి ఆగి వస్తాందే. నీ కొయ్యను పాత జాగాలోనే పెట్టుకో."

"ఈశాన్యంలోనా? దోషం గదా పెద్దమ్మా?"

"దోషం ఇనుములో యాడుండాది? అది ఆ మనిషిలో ఉండింది. పోయింది గదా."

నేను వెళ్ళి పెట్టాను. నీతులు చెప్పదలచుకున్నవాళ్ళు యర్రగొండపాలెం నుంచి వచ్చే ఫోన్లు ఒక వారం ఎత్తి చూసి, తర్వాత మాట్లాడండి. చింతచెట్టు పక్కకు తప్పుకుంది, దొండకాయ ఖాళీ అయింది, సిగ్నల్ అంత బాగా అంతకుముందు ఎన్నడూ రాలేదు. మా మరిది మేడ మీద ఈల వేశాడు.

ఈసారి మాత్రం నేను ఆ ఇంటిని నమ్ముకుని కూర్చోలేదు. ఊరి చివర కొత్తగా కట్టిన మంచినీళ్ళ ట్యాంకు మీద చోటు కోసం పంచాయతీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. తిరిగి తిరిగి, కనబడ్డవాడినల్లా తిట్టి, అనుమతి తెచ్చుకున్నాను. అది వచ్చేసరికి ఆ ఇంట్లో రెండో కోడలికి కూడా తిట్లు మొదలై చాలాకాలమైంది. మిషను, వారంటీ, అవే మాటలు. పెద్దమ్మ కొత్తవి కూడా వెతుక్కోలేదు.

ట్యాంకు సంగతి ఇంకా ఆ ఇంట్లో చెప్పలేదు. గాలివానకు డిష్ కొంచెం తిరిగితే సరిచేయడానికి ఎక్కాం. రెండో కోడలు టీ తెచ్చింది. గ్లాసు పెట్టి, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"పిన్నీ, ముందు ఒకసారి ఈ స్తంభం వల్లే పిల్లలు కాలేదని మీరు చెప్పినారంట గదా?"

నేను బోల్టు బిగించడం ఆపాను. మా మరిది ఆకాశం చూశాడు. ఆ పిల్ల అడుగుతున్నదేమిటో వాడికి కూడా అర్థమైంది, అది వాడి తెలివికి పెద్ద విషయమే.

"మీ ఆయన పరీక్షకు పోయినాడా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

నేను పిట్టగోడ మీదికి వంగి, వీధంతా వినబడేట్టు, "పెద్దమ్మా! ఈ కొయ్య ఈశాన్యంలో ఉండగూడదు. నేను ఆ రోజు ఒప్పుకున్నదే నిజం!" అని అరిచాను. వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల మొహం విప్పారింది. చూడలేక కిందికి దిగాను.

హాల్లో పెద్దమ్మ నడుం మీద చేతులు వేసుకుని ఉంది. "మరి నేనన్నదీ అదే గదా మొదట్నుంచీ!"

"అయితే మొదటి కోడల్లో తప్పు లేనట్టేనా పెద్దమ్మా?"

సోఫాలో ఫోన్లో ఎవడో సిక్సరు కొట్టాడు, జనం అరిచారు.

"జరిగిపోయినవి ఇప్పుడెందుకులే," అంది ఆవిడ. "నైరుతికి మార్చు."

"ఈసారి ఏ మూలా వద్దు. మొత్తం తీసేస్తా. ట్యాంకు మీద జాగా దొరికింది."

అప్పుడు విన్నాను ఆ ఇంటి కొడుకు గొంతు. తలెత్తి, "మనకు నెట్టు?" అన్నాడు.

"స్తంభం పోతే పోతాది."

వాడు తల్లి వైపు తిరిగాడు. "ఉండనీయ్ మా. దానివల్ల ఏం కాదు. అదంతా ఉత్త మాటలు."

పెద్దమ్మ కళ్ళు మెల్లగా మెట్ల వైపు తిరిగాయి. అక్కడ ఖాళీ గ్లాసులు పట్టుకుని రెండో కోడలు నిలబడి ఉంది. మేడ మీద విప్పారిన మొహం మెట్టు మెట్టుకూ ఎక్కడో రాలిపోయింది. మా మరిది నన్ను చూశాడు.

"ట్యాంకు మీది నుంచి మీ ఇంటికి వైరు లాగిస్తా," అన్నాను. "ఎప్పటి మాదిరే ఉచితం. ఇంకా వేగంగా వస్తాది."

కొడుకు తల మళ్ళీ ఫోన్లోకి వంగింది. "అయితే ఈ పొద్దే తీసెయ్ ఆ దరిద్రాన్ని," అంది పెద్దమ్మ. "సిద్ధాంతికి కూడా చెప్తా. సంవత్సరం చూద్దాం."

మేము పైకెక్కి బోల్టులు విప్పడం మొదలుపెట్టాం. స్తంభం దించేసరికి, అడగకుండానే మళ్ళీ టీ వచ్చింది. ఆ పిల్ల చక్కెర రెండింతలు వేసింది. ఎదురుగా నిలబడి, నేను తాగేదాకా చూసింది. తాగాను.